చేతి నరం, కాలి నరం

ఓ గోడ మీంచి దింపించిన నా కాలి ఫోటో ఒకటి మా బీరువాలో పట్టుచీరల అడుగున ఉంది. ఎడం కాలు, మోకాలి కింద నుంచి పాదం దాకా. ఎవరో సినిమా హీరోయిన్ కాలనుకోవాలి, అంత నున్నగా ఉంటుంది. రెండో వేలికి వెండి మెట్టె, చీలమండ పైన బఠాణీ గింజంత పుట్టుమచ్చ. ఆ రెండూ లేకపోతే అది నా కాలంటే నేనే నమ్మను.

ఈ ఫోటో సంగతి రాయమని మా కొట్టులో మంగ నెలరోజులుగా పోరు పెడుతోంది. "రాయే రత్నం, నీలాటోళ్లు ఇంకెంతమందున్నారో" అని. నేను గాజువాకలో బట్టల కొట్టులో చీరలు చూపించే మనిషిని. పదహారేళ్లుగా అదే పని. చీర గురించైతే ఎంతసేపైనా చెప్తాను గానీ నా గురించి చెప్పుకోవడం అలవాటు లేదు. రాస్తుంటే నేను, నేను అని వస్తోంది, నోట్లో మాత్రం మా యాసలో నానే. సరే, కడుపులో పెట్టుకుని కూర్చుంటే ఇంకో రోగం పట్టుకుంటుంది. గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. కోపం మాత్రం గడవలేదు, ముందే చెప్తున్నాను.

జ్యేష్ఠం

మా కొట్టులో మాకు కూర్చునే రూలు లేదు. పొద్దున్న పదింటికి కౌంటర్ వెనక నిలబడితే తిండికి అరగంట తప్ప కొట్టు కట్టేసేదాకా కాళ్ల మీదే. కస్టమర్లకి పరుపులు, మాకు నేల. అలా నిలబడీ నిలబడీ నా ఎడం కాలి మీద ఊదారంగు దారాలు పుట్టుకొచ్చాయి. ముందు చీలమండ చుట్టూ సన్నగా, సాలెగూడు లాగా. తరవాత పిక్క పక్కన కాస్త లావుగా, పచ్చగా, మెలికలు తిరిగి రెండు. సాయంత్రమయ్యేసరికి కాలు బరువెక్కి లాగేసేది. ఇంటికొచ్చి గోడకి కాళ్లెత్తి పడుకుంటే గానీ ప్రాణం కుదుటపడేది కాదు.

నొప్పి ఒక్కటే అయితే ఎవరికైనా చెప్పుకునేదాన్ని. సిగ్గు కూడా ఉంది. దాచడమెందుకు, సోకే. చీర పరిచి చూపించేటప్పుడు నా కుచ్చిళ్లు కాస్త లేస్తే చాలు, కస్టమర్ల కళ్లు నా కాళ్ల మీద పడేవి. ఒకావిడైతే "అయ్యో, నరాలు తేలిపోయాయేంటమ్మా" అని చీర వదిలేసి నా కాలే చూస్తూ కూర్చుంది. బీచ్‌కి వెళ్తే అందరూ చీరలెత్తి కెరటాల్లోకి దిగుతారు, నేను ఒడ్డున చెప్పులకి కాపలా.

మా చెల్లి సరోజ మద్దిలపాలెంలో ఒక స్కిన్ క్లినిక్‌లో పనిచేస్తుంది. నాకన్నా పదకొండేళ్లు చిన్నది. మా నాన్న పోయేసరికి అది ఏడో తరగతి. అప్పట్నించి పెళ్లయ్యేదాకా నా దగ్గరే పెరిగింది, ఉక్కునగరంలో మా క్వార్టర్లోనే. మా ఆయన అప్పారావు క్రేన్ ఆపరేటరు. దానికి జడలేసింది నేను, సైకిల్ నేర్పింది ఆయన. మా వైపు అక్కని అప్ప అంటారు. అది అప్పా అని పిలిస్తే నేనెంత పనిలో ఉన్నా "ఏటే" అని నా నోరు దానంతటదే పలికేది.

ఓ ఆదివారం వచ్చి నా కాలు పట్టుకుని చూసి, వాళ్ల డాక్టరుగారికి చూపిస్తానని ఫోన్లో ఓ ఫోటో తీసుకుంది.

"అప్పా, దీనికి ఇంజెక్షన్లున్నాయి. సన్న సూది. సీమ కుట్టినట్టుంటాది, అంతే. నురగలాటి మందు నరంలోకి ఎక్కిత్తారు. ఆ నరం మూసుకుపోయి ఎండిపోద్ది. రక్తం ఏరే దారిలో ఎల్లిపోద్ది."

"కొయ్యరేటే?"

"కోతా నేదు, కుట్టూ నేదు. మర్నాడు డూటీకి ఎల్లిపోవచ్చు."

మా ఆయన పేపర్లోంచి తలెత్తాడు. "బాగా నడుత్తన్న కాలికి సూదులెందుకే?"

"నువ్వూరుకో బావా, నీకేటి తెల్దు" అంది సరోజ. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ వారమే క్లినిక్‌కి వెళ్లాను. చల్లటి ఏసీ, మెత్తటి సోఫాలు, అందరి చేతుల్లో టోకెన్లు. ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి, బల్ల ముందు కూర్చోబెట్టి, నాలుగు పేజీల కాగితంలో ప్రశ్నలడిగి రాసుకుంటున్నారు. బీపీ ఉందా, ఏం మందులు వాడుతున్నారు, స్కాన్ రిపోర్టులు తెచ్చారా, ఇలాంటివి. ఆ అడిగేది సరోజే. అక్కడ దాని భాషే వేరు, "కూర్చోండి మేడమ్, చెప్పండి మేడమ్". నన్ను చూడగానే లేచొచ్చింది. "మా అక్కండీ" అని అందరికీ వినపడేలా చెప్పి, టోకెన్ లేకుండా, ఆ నాలుగు పేజీలూ లేకుండా, సరాసరి డాక్టరుగారి గదిలోకి తీసుకుపోయింది. ఇంట్లో అప్పని, అక్కడ అక్కని. సోఫాల్లో వాళ్లు గుర్రుగా చూశారు. నాకేమో గర్వం, మా చెల్లి ఇంత పెద్దదైపోయిందా అని.

డాక్టరుగారు మర్యాదగానే మాట్లాడారు. నన్ను నిలబెట్టి, పిక్క నొక్కి చూశారు. "పైన సన్నవి ఉన్నాయి సరే, ఈ లావు నరాలున్నాయి కదా. లోపల పెద్ద నరం ఎలా ఉందో స్కాన్ తీయించారా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే సరోజ అందుకుంది. "నరాల టెస్టు అయిపోయిందండీ సార్. నార్మల్."

"రిపోర్టేదీ?"

"ఇంట్లో ఉందండీ. తెచ్చి ఫైల్లో పెడతాను."

నేను కూడా తలూపాను. నా లెక్కలో అది అబద్ధం కాదు మరి. ముందటేడు చీరలు లాగి లాగి కుడి చెయ్యి తిమ్మిరెక్కిపోతుంటే నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. చేతికి కరెంటు పెట్టి చూశారు, వేళ్లు టక్కు టక్కున ఎగిరాయి. అంతా నార్మలని రాసిచ్చారు. ఆ రోజు నా పక్కన కూర్చున్నది సరోజే. చేతి నరమైనా కాలి నరమైనా నరం నరమే కదా, ఒంట్లో అన్నీ ఎక్కడో ఒకచోట కలిసే ఉంటాయి, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే అనుకున్నాను. అలా తలూపినందుకు నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

మొదటి సూది నిజంగానే చీమ. నాలుగోది గండుచీమ. చీలమండ దగ్గర మాత్రం పచ్చిమిరపకాయ రుద్దినట్టు భగ్గుమని, పిక్క పట్టేసింది. సరోజ నా చెయ్యి పట్టుకునే ఉంది. తొడ దాకా బిగుతు మేజోడు తొడిగి, వెంటనే లేచి అరగంట నడవమన్నారు. చేతిలో ఒక ఇంగ్లీషు కాగితం పెట్టారు.

"ఇందులో ఏటుందే?"

"నడవమనుంది అప్పా. ఎంత నడిత్తే అంత మంచిది."

దాని కింది లైనులోనే ఎక్కువసేపు కదలకుండా నిలబడకూడదని కూడా ఉంది. ఆ సంగతి నాకు చాలా రోజుల తరవాత పెద్దాసుపత్రిలో ఓ నర్సమ్మ చదివి చెప్పింది.

ఆషాఢం

ఆషాఢం డిస్కౌంట్లు మొదలయ్యాయి. కొట్టు నిండా తోపులాట. ఈలోగా రెండో విడత ఇంజెక్షన్లు కూడా పడ్డాయి. వైజాగు ఉక్కపోతలో ఆ మేజోడు వేసుకోవడమంటే మామూలు విషయం కాదు. చెమట, దురద, సాయంత్రానికి తీస్తే కాలి మీద గీతలు. తొడగడం ఇంకో గొడవ, ఎంత లాగినా పైకి రాదు. మా ఆయన "సోకులాడీ, పడు" అని రెండ్రోజులు ఎగతాళి చేశాడు. మూడో రోజు డ్యూటీలో ఇచ్చిన రబ్బరు గ్లవుజులు తెచ్చి, అవి తొడుక్కుని లాగాడు. సర్రున ఎక్కేసింది. అప్పట్నించి ఏ షిఫ్టైనా సరే, బయల్దేరే ముందు రోజూ ఆయనే తొడిగేవాడు, నోటితో తిడుతూనే.

మూడు వారాలకి కాలు తేటపడింది. ఊదా దారాలు లేవు. నాకు నవ్వాగలేదు. అద్దం కింద పెట్టి మరీ చూసుకున్నాను. ఓ ఆదివారం బీచ్‌కెళ్లి చీర మోకాళ్ల దాకా ఎత్తి కెరటాల్లో నిలబడ్డాను. చెప్పులకి మా ఆయన కాపలా. ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఇప్పటికీ తలచుకుంటే ఆ చల్లదనం తెలుస్తుంది.

ఆ వారమే సరోజ మా ఇంటికొచ్చి, వరండాలో స్టూలు మీద నా కాలు పెట్టించి ఫోన్లో ఫోటోలు తీసింది. "కొంచెం అటు తిప్పప్పా, ఎలుతురు పడేలా."

"ఎందుకే ఇన్ని?"

"గుర్తుకి."

గుర్తుకే కాబోలనుకుని ఎటు తిప్పమంటే అటు తిప్పాను.

శ్రావణం

శ్రావణ శుక్రవారాలంటే మాకు ఊపిరాడదు. రెండో శుక్రవారం పొద్దుట్నించీ ఒకే చోట నిలబడి చీరలు విప్పుతూనే ఉన్నాను. మర్నాడు పిక్క లోపల తాడు పేనినట్టు గట్టిగా తగిలింది. పైన ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది. సరోజకి ఫోన్ చేశాను.

"నరం మూసుకుపోతంది అప్పా. మూసుకుపోయేటప్పుడు అలాగే గట్టిపడతాది. ఐసు పెట్టు."

పెట్టాను. నాలుగో రోజుకి కాలంతా నీరు పట్టినట్టు వాచిపోయింది. కాలి పట్టీ పట్టలేదు, తీసి కొంగున కట్టుకున్నాను. కొట్టులో నా మొహం చూసి మంగ నన్ను గోడౌన్లోకి లాక్కుపోయి చీరల మూట మీద కూర్చోబెట్టింది. మేనేజరు వస్తుంటే చటుక్కున ఓ జరీ చీర విప్పి నా కాలి మీద పరిచి, "రంగు సూత్తన్నామండి" అని చెప్పింది. ఆయన వెళ్లాక నాతో "ముందు ఆసుపత్రికెల్లవే, సీరలెక్కడికీ పోవు" అని అరిచింది.

నేను వెళ్లింది మాత్రం మద్దిలపాలెమే. చెల్లి ఉండగా ఇంకెక్కడికి వెళ్తాను? డాక్టరుగారు లేరు. ఎలమంచిలిలో కొత్త బ్రాంచి పెడుతున్నారట, ఆ పని మీద వెళ్లారు. సోఫాల ఎదురుగా గోడకి పెద్ద బోర్డు ఒకటి కొత్తగా వెలిసింది. దాని మీద రెండు కాళ్లు. ఒకటి ఊదా దారాలతో, ఒకటి నున్నగా. కింద పెద్దక్షరాలతో "కోత లేదు, కుట్టు లేదు". ముందు నాకు పుట్టుమచ్చ కనపడింది, తరవాత మెట్టె.

"అది నా కాలేనేటే?"

"నీదే అప్పా!" అంది సరోజ, గొంతు తగ్గించి, మొహం వెలిగిపోతుంటే. "ఎంత బాగొచ్చిందో సూడు. సారు తెగ మెచ్చుకున్నారు. ఎలమంచిలిలో కూడా ఇదే పెడతారు. అక్కడ నన్నే ఇంచార్జి సేత్తారట."

నా అసలు కాలు ఆ బోర్డు కిందే ఉంది, గుమ్మడికాయలా వాచి. నేను చీర కాస్త పైకెత్తి పట్టుకునే ఉన్నాను. అది బోర్డు చూస్తోంది గానీ కిందికి చూడట్లేదు. చూసినప్పుడు కూడా చుట్టూ ఒకసారి కలయజూసి, "సీర దించప్పా, పేషెంట్లున్నారు. సారు సోమవారం వత్తారు, అప్పటిదాకా ఐసు పెట్టుకో" అంది.

సోమవారం దాకా మా ఆయన ఆగలేదు. మర్నాడు సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. వరండాలో జనం, బల్లలు చాలవు. నా పక్కన కూర్చున్నావిడ చేపలమ్మే మనిషి, మొగుడికి బాగోక వచ్చింది. నా కాలు చూసి, "అలా ఏలాడదీసీకు తల్లీ" అని తన ఖాళీ చేపల తట్ట బోర్లించి నా మడమ కింద పెట్టింది. "వాసనొత్తాది, ఏటనుకోకు" అంది. ఆవిడ పేరైనా అడగలేదు. ఆ రోజు నా కాలిని కాలులా చూసిన మొదటి మనిషి ఆవిడే.

స్కాన్ గదిలో చిన్న వయసు డాక్టరమ్మ. కాలికి జెల్లు రాస్తే జిల్లుమంది. చిన్న యంత్రమేదో పెట్టి పిక్క, మోకాలి వెనక, తొడ, అంతా చూసింది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

"పిక్క లోపలి నరంలో రక్తం గడ్డ కట్టిందమ్మా. పైన పెద్ద నరంలో కవాటాలు కూడా పనిచెయ్యట్లేదు, ఎక్కాల్సిన రక్తం కిందికి జారిపోతోంది. అది ఇప్పటిది కాదు. ఇంజెక్షన్లకి ముందు ఈ స్కాన్ తియ్యలేదా?"

"తీసారండి. నార్మలన్నారు."

"జెల్లు రాసి, ఇలాగే చూశారా?"

"జెల్లు కాదండి. కరెంటు పెట్టారు."

"కాలికి కరెంటా?"

"కాలికి కాదండి, సేతికి."

ఆవిడ చేతిలోది పక్కన పెట్టి నా మొహం చూసింది. గుమ్మం దగ్గర మా ఆయన తల దించుకున్నాడు. "అది నరాల టెస్టమ్మా. ఇది రక్తం పోయే గొట్టం. తెలుగులో రెండిటినీ నరమనే అంటాం, అదే వచ్చిన చిక్కు" అంది మెల్లగా. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది, అది రాయకపోతే తప్పు. ఇంజెక్షన్ చెడ్డది కాదట. స్కాన్ తీసినా అరుదుగా గడ్డ రావచ్చట. కానీ తీసుంటే ముందు ఆ పెద్ద నరం సంగతి చూసేవాళ్లు, ఆ తరవాతే సన్నవాటి జోలికి వెళ్లేవాళ్లు, రోజంతా నిలబడే ఉద్యోగమని గట్టిగా హెచ్చరించేవాళ్లు. రక్తం పలచబడే బిళ్లలు రాసి, "ఆయాసం వచ్చినా, గుండెల్లో పొడిచినట్టున్నా ఒక్క నిమిషం ఆగకు, వచ్చెయ్" అంది.

ఆ మాట నా బుర్రలో తిష్ట వేసింది. మంచమ్మీద పడుకుని మధ్యాహ్నం పూట ఫ్యాను కట్టేసి మరీ నా ఊపిరి నేను వినేదాన్ని. మెట్లెక్కితే ఆయాసం, అది మెట్ల వల్లా, గడ్డ వల్లా? ఆవలింత వచ్చినా హడలే. మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే కాలు బెణికిందని చెప్పాను. ఐదో రోజు మా ఆయన పేలిపోయాడు.

"సోకు, సోకు! ఏటి తక్కువైందే నీకు? క్రేను మీద నానుంటే కింద ఎవుడైనా సెయ్యూపితే సాలు, నీ గురించి పోనొచ్చిందేమో అని పని ఆపేత్తన్నాను. ఆ సరోజ గుంట మాట నమ్మి..."

"దాన్నేటీ అనకు. దానికీ తెల్దు. నరమంటే నాను పొరబడనేదా? అదీ అలాగే పొరబడింది" అన్నాను. నిజంగానే నమ్మాను ఆ మాట. ఆయనతో పోట్లాడి మరీ దాన్ని వెనకేసుకొచ్చాను.

భాద్రపదం

వాపు సగం తీసింది. పాత ఫైలు కాపీ తెమ్మని పెద్దాసుపత్రి డాక్టరమ్మ అడిగితే మళ్లీ మద్దిలపాలెం వెళ్లాను. సరోజ నన్ను చూడలేదు. బల్ల ముందు ఒక ముసలావిడని కూర్చోబెట్టుకుని నాలుగు పేజీల కాగితం రాస్తోంది. నేను స్తంభం పక్క సోఫాలో కూర్చున్నాను.

"నరాల టెస్టు పోయిన నెలే సేయించానమ్మా" అంటోంది ముసలావిడ, సంచిలోంచి కాగితాలు తీస్తూ. "మళ్లీ ఎందుకు?"

సరోజ నవ్వింది. "అది కాదు మామ్మగారూ. నరం వేరు, ఇది వేరు. నరమంటే కరెంటు తీగలాంటిది. మీ కాలి మీద తేలినవి నీళ్ల గొట్టాల్లాంటివి. కరెంటు పెట్టి చూసే టెస్టు తీగలకి. గొట్టాలకి జెల్లు రాసి చూసే స్కాన్ వేరే ఉంది. అది తీయకుండా సారు ఇంజెక్షన్ చెయ్యరు. ఇక్కడ అందరూ ఇలాగే పొరబడతారు. నాలుగేళ్ల నుంచీ రోజుకి పదిమందికి చెప్తున్నాను నేను."

ఎంత బాగా చెప్పిందో! ఎవరికైనా అర్థమైపోతుంది. నాకూ అర్థమైపోయింది. ఫైలూ వద్దు గియిలూ వద్దని లేచి బయటికొచ్చేశాను. బస్టాపులో ఎంతసేపు కూర్చున్నానో తెలీదు, మా బస్సులు రెండు వెళ్లిపోయాయి.

ఆదివారం అది అమ్మని వెంటబెట్టుకుని వచ్చింది, పళ్లు పట్టుకుని. నేను నిలదీశాను. "ఆ రోజు డాక్టరుగారడిగితే నరాల టెస్టని ఎందుకన్నావే?"

"తెలీకప్పా. నరమే గదా అని..."

"తీగలూ గొట్టాలూ సెప్పవే. మామ్మగారికి సెప్పినట్టు నాకూ సెప్పు."

దాని మొహం పాలిపోయింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. స్కాన్ తీస్తే పెద్ద నరం బాగోలేదని తేలుతుందేమోనని భయపడిందట. తేలితే డాక్టరుగారు ఇంజెక్షన్లు చెయ్యరు, ఇంకెక్కడికో రాసేస్తారు. కొత్త బ్రాంచికి బోర్డు కావాలి, పేషెంట్లెవరూ కాళ్ల ఫోటోకి ఒప్పుకోలేదు. కాలు తెస్తానని ఇది సారుకి మాటిచ్చేసింది.

"గడ్డ కడతాదని నాననుకోనేదప్పా. ఒట్టు. అయినా నువ్వు నా అప్పవి గదా, ఏదైనా తేడా వచ్చినా నువ్వేటీ అనవనుకున్నాను."

తిట్టినా అంత మంట ఉండేది కాదు నాకు. అంటే ఊరివాళ్లకి స్కాన్, మేడమ్ మేడమని నాలుగు పేజీల ప్రశ్నలు. నాకు మాత్రం ఏదీ అక్కర్లేదు, ఎందుకంటే నేను అప్పని. డాక్టరుగారు రిపోర్టేదని ఒక్కసారి అడిగి వదిలేశారు, ఆ కోపం ఆయన మీద వేరే ఉంది. కానీ ఆయన నాకెవరు? ఇది నా చేతుల్లో పెరిగింది.

అమ్మ కళ్లు తుడుచుకుంటూ "సిన్నది, తెలిసో తెలీకో సేసింది, సద్దుకుపోవే" అంది.

"తెలిసే సేసిందమ్మా. కాలు పోయినా సద్దుకోమందువా?" అన్నాను. ఇద్దరూ పళ్లు అక్కడే పెట్టి వెళ్లిపోయారు. వాటిని నేను ముట్టలేదు, మా ఆయన ఎవరికో ఇచ్చేశాడు.

కార్తీకం

గడ్డ కరిగిందని స్కాన్‌లో తేలింది. ఇంకొన్నాళ్లు బిళ్లలు వాడాలి, పెద్ద నరానికి వైద్యం తరవాత. చీలమండ మీద గోధుమరంగు మచ్చలు, పిక్కలో తాడులాంటి గీత మిగిలాయి. పొద్దున్నే సెక్టార్ రోడ్ల మీద నడుస్తున్నాను. మంగ గొడవ పడి మరీ కౌంటర్ వెనక నాకో స్టూలు వేయించింది. ఇన్నీ కుదురుకున్నాక, ఒక పని మిగిలిపోయిందని మద్దిలపాలెం బయల్దేరాను. నా ఫైలు తెచ్చుకోవాలి, నా కాలు ఆ గోడ మీంచి దింపించాలి.

తలుపు దగ్గర టోకెన్ తీసుకున్నాను. పదిహేను. సోఫాలో కూర్చున్నాను. నా పక్కన ఎవరో టీచరమ్మట, నిలబడి పాఠాలు చెప్పీ చెప్పీ కాళ్ల మీద దారాలొచ్చాయట. బోర్డు చూస్తూ "ఎవరి కాలో గానీ ఎంత బాగైపోయిందో కదండీ. దాన్ని చూసే ధైర్యం తెచ్చుకున్నాను" అంది.

నేను చీర పిక్క దాకా ఎత్తాను. ఆవిడ ముందు మచ్చలు చూసింది, తరవాత మెట్టె, పుట్టుమచ్చ, మళ్లీ బోర్డు.

"నాదేనండి. అది ఆషాఢంలో తీసింది. ఇది ఇప్పటిది" అన్నాను. ఆవిడ మొహం చూసి జాలేసింది. "బయపడకండి. ఇంజెక్షన్ తప్పేటీ నేదు. జెల్లు రాసి సూసే స్కాన్ తీయించుకున్నాకే బల్లెక్కండి. నరాల టెస్టు కాదు, స్కాన్. ఆళ్లిచ్చే కాయితంలో పెతి లైనూ మీరే సదూకోండి. తెలిసినోళ్లున్నారని లైను దాటి ఎల్లకండి."

మొత్తం గది వింటోంది. బల్ల దగ్గర సరోజ పెన్ను కింద పెట్టింది. తరవాత లేచి, సోఫాల మధ్య నుంచి నా దగ్గరికొచ్చి వంగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అప్పా" అంది. "సారు కాళీగానే ఉన్నారు. లోపలికి రా."

ఆ క్లినిక్‌లో అందరికీ వినపడేలా అది నన్ను అప్పా అనడం అదే మొదటిసారి. నా నోరు అలవాటుగా "ఏటే" అనబోయింది. పళ్లు బిగించి ఆపుకున్నాను. చేతిలో టోకెన్ చూపించాను.

"నాది పదిహేను. ఇంకా పన్నెండే నడుస్తోంది. నా వంతొచ్చాక పేరు పెట్టి పిలవండి."

అప్పటిదాకా దాన్ని నేను ఎన్నడూ మీరు అనలేదు. చెంప మీద కొట్టినట్టు వెనక్కి తగ్గింది. వెళ్లి బల్ల ముందు కూర్చుంది. పదమూడు పిలిచింది. పద్నాలుగు పిలిచింది, అది టీచరమ్మది. ఆవిడని అన్ని ప్రశ్నలూ అడిగి, స్కాన్‌కి చీటీ రాసిచ్చింది.

తరవాత కొత్తగా నాలుగు పేజీల కాగితం తీసి ముందు పెట్టుకుంది. తల ఎత్తకుండానే పిలిచింది.

"నూకరత్నం గారూ."

"ఉన్నానండీ" అని లేచాను.